110 గంటలు విన్నా 30కి 13: బీ1 జర్మన్ లిజనింగ్‌పై ఒక కేస్ స్టడీ

విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో షిఫ్టుల మీద పనిచేసే స్టాఫ్ నర్సుకు జర్మన్ వినడంలో మేం సాయపడిన కేసు ఇది. వయసు 26. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ నర్సింగ్. జర్మనీలో ఉద్యోగం కోసం ఏ1, ఏ2 (ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు భాషా స్థాయుల్లో మొదటి రెండు) ఆన్‌లైన్ క్లాసులు పూర్తి చేసి, మూడో స్థాయి బీ1కి గోథే ఇన్‌స్టిట్యూట్ (జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే సంస్థ) పెట్టే పరీక్షకు సిద్ధమవుతున్నారు. చదవడం, రాయడం, మాట్లాడటం మాక్ టెస్టుల్లో గట్టెక్కుతున్నాయి. వినడం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. నాలుగు నెలలుగా యూట్యూబ్ వీడియోలు, పాడ్‌కాస్టులు కలిపి 110 గంటలు విన్నట్టు డైరీలో రాసుకున్నారు. మొదటి నెల మాక్‌లో 12 వస్తే నాలుగో నెలలో 13 వచ్చింది.

గోథే బీ1 లిజనింగ్‌కి 40 నిమిషాలు, 30 ప్రశ్నలు. 60 శాతం, అంటే 18 సరైన జవాబులు కావాలి. నాలుగు మాడ్యూళ్లనూ విడివిడిగా రాసుకోవచ్చు కాబట్టి ఒక్క లిజనింగ్ పోతే అదొక్కటే మళ్లీ కట్టుకుంటే సరిపోతుంది. అయినా ఫీజు ఫీజే, సెలవు సెలవే. 

ఆ 13ని భాగాలుగా విడదీస్తే

మొదటి భాగంలో (ఐదు చిన్న ప్రకటనలు, ఫోన్ మెసేజ్‌లు) 10కి 6. రెండో భాగంలో (ఒకరే మాట్లాడే వివరణ) 5కి 1. మూడో భాగంలో (ఇద్దరి సంభాషణ) 7కి 2. నాలుగో భాగంలో (చర్చ, ఎవరు ఏమన్నారు) 8కి 4.

ఈ పరీక్షలో ఒకటి, నాలుగు భాగాలను రెండుసార్లు వినిపిస్తారు. రెండు, మూడు భాగాలను ఒక్కసారే. రెండుసార్లు విన్న చోట 18కి 10 వచ్చాయి, ఒక్కసారి విన్న చోట 12కి 3. ఇది పదజాలం తక్కువై వచ్చిన తేడా కాదు. అదే అయితే అన్ని భాగాలూ ఒకేలా దెబ్బతినాలి. రోజూ ఫోన్‌లో ఎలా వింటారో చూపించమంటే సంగతి బయటపడింది. మాటిమాటికీ బొటనవేలు స్క్రీన్ ఎడమవైపు రెండుసార్లు తట్టి పది సెకన్లు వెనక్కి వెళ్తోంది. ఆ తట్టడం ఆమెకే తెలియదు. పరీక్ష హాల్లో తట్టడానికి స్క్రీన్ ఉండదు. ఒక మాట జారిపోగానే మనసు అక్కడే నిలబడిపోతుంది, ఈలోపు తర్వాతి రెండు వాక్యాలూ వెళ్లిపోతాయి.

110 గంటల్లో జర్మన్ ఎంత

డైరీ తిరగేస్తే మూడు రకాలున్నాయి.

మొదటిది, తెలుగులో జర్మన్ వ్యాకరణం చెప్పే వీడియోలు. వీటిలో ఒకదాన్ని స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాం. 20 నిమిషాల వీడియోలో జర్మన్ వినిపించింది మూడు నిమిషాల లోపు, అదీ విడివిడి వాక్యాలుగా. పాఠంగా మంచిదే. లిజనింగ్ గంటల కింద రాయడమే తప్పు.

రెండోది, వీధిలో జనాన్ని ఆపి మాట్లాడించే ఈజీ జర్మన్ తరహా వీడియోలు. కింద జర్మన్, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు రెండూ వీడియోలోనే అచ్చై ఉంటాయి, ఆపేసే వీలు లేదు. సబ్‌టైటిల్ ఉన్నంతసేపూ కన్ను చదివేస్తుంది, చెవి సెలవు తీసుకుంటుంది. ఆమె బాగా అర్థమైందన్న ఒక వీడియోనే ఫోన్ బోర్లించి మళ్లీ వినిపిస్తే, రెండు నిమిషాల్లో పట్టుకున్నది ఊరి పేర్లు, ‘కాఫీ’ అన్న మాట.

మూడోది, జర్మనీ ప్రసార సంస్థ డాయిష్ వెల్లె వాళ్ల నెమ్మదిగా చదివే వార్తలు. బట్టలు ఉతుకుతూ, వంట చేస్తూ రోజూ విన్నారు. పేరులో ‘నెమ్మది’ ఉంది కదా అని చాలామంది ఏ2 కాగానే దీని మీద పడతారు. నెమ్మదిగా చదివినంత మాత్రాన తేలిక కాదు. అవి అసలు వార్తలే. పార్లమెంటు, ఆంక్షలు, సంకీర్ణ ప్రభుత్వం, అన్నీ పొడుగు నామవాచకాలు. అది బీ2, సీ1 వాళ్లకు తగిన సరుకు. బీ1 పరీక్షలో వచ్చేది డెంటిస్టు అపాయింట్‌మెంటు, రైలు ఆలస్యం, పక్కింటివాళ్ల పార్టీ. రోజూ అరగంట వార్తలు విన్నా ఈ మాటలేవీ చెవిన పడవు.

చెవి ఎక్కడ జారుతోంది

గంటల లెక్క పక్కన పెట్టి, 30 సెకన్ల ముక్కలు ఇచ్చి విన్నది విన్నట్టు రాయమన్నాం. ఒక ఫోన్ మెసేజ్‌లో ఈ వాక్యం ఉంది: ‘క్యోనెన్ జీ మిష్ బిటె ఉమ్ హల్ప్ డ్రై త్సురుక్‌రూఫెన్?’ రెండున్నరకి నాకు తిరిగి ఫోన్ చేయగలరా అని అర్థం. ఆమె తెలుగులో రాసింది: ‘మూడున్నరకి వెనక్కి రమ్మంటున్నారు.’

ఇందులో రెండు తప్పులున్నాయి, రెండిటికీ కారణాలు వేరు. ‘హల్ప్’ అంటే సగం, ‘డ్రై’ అంటే మూడు. మన ‘మూడున్నర’ అలవాటు ఈ రెండిటినీ వెంటనే మూడున్నరగా కలిపేస్తుంది. జర్మన్ లెక్క మూడో గంటలో సగం అయిందని, అంటే రెండున్నర. మందులు టైముకి ఇచ్చే మనిషికి ఇది మార్కులతో పోయే తప్పు కాదు. రెండో తప్పు: ‘త్సురుక్’ అంటే వెనక్కి, ‘రూఫెన్’ అంటే పిలవడం, రెండూ ఆమెకు తెలుసు. ‘వెనక్కి పిలిచారు’ అంటే తెలుగులో రమ్మన్నట్టే. రెండూ కలిస్తే తిరిగి ఫోన్ చేయడం అవుతుందని పుస్తకంలో చదివారు గాని, చెవితో ఎప్పుడూ కలుసుకోలేదు.

ఇలా రెండు వారాల డిక్టేషన్లలో తప్పులకు నాలుగు గుర్తులు పెట్టించాం. ‘కొ’ అంటే మాటే కొత్తది. ‘చె’ అంటే కాగితం మీద తెలుసు, చెవికి తెలియలేదు. ‘అం’ అంటే అంకె లేదా టైము. ‘వా’ అంటే మాటలన్నీ వినబడ్డాయి, వాక్యం కుదరలేదు. సగానికి పైగా ‘చె’ కిందే పడ్డాయి. కొత్త మాటల పట్టికలు ఇంకా బట్టీ పట్టడం ఎందుకు పనిచేయలేదో దీంతో తేలిపోయింది.

‘చె’ ఎక్కువగా వచ్చింది కలిపి పలికే చోట. పుస్తకంలో ‘హాబెన్ వియర్’, వీధిలో అది ‘హామ్ వ’. ‘ఐనెన్’ అన్నది ‘నెన్’ అయిపోతుంది, ‘నిష్ట్’ చివరి ట్ ఊడి ‘నిష్’ అవుతుంది. ఆమె దీనికి 0.75 వేగం పెట్టుకుని వినేవారు. వేగం తగ్గిస్తే ‘హామ్ వ’ సాగుతుందే తప్ప ‘హాబెన్ వియర్’గా మారదు. ఊడిన అక్షరం తిరిగి రాదు. వాక్యాల మధ్య ఊపిరి తీసుకోవడానికి 0.9 దాకా తగ్గించడంలో తప్పు లేదు. అంతకన్నా దిగితే గొంతు రబ్బరులా సాగి, అసలు మనిషి అలా మాట్లాడడు కాబట్టి, చెవి తప్పుడు నమూనా నేర్చుకుంటుంది.

పదాల చివర కూడా ఒక చిక్కుంది. జర్మన్‌లో చివరి గ్, బ్, ద్ వరసగా క్, ప్, ట్‌గా గట్టిపడతాయి. ‘వేగ్’ అని రాస్తారు, ‘వేక్’ అని పలుకుతారు. మన నోటికి పదం చివర అచ్చు కావాలి కాబట్టి మనసులో ‘వేగు’ అని చదువుకుని ఉంటాం. వినబడిన ‘వేక్’ అదేనని తట్టదు. గట్టిగా పలికి అలవాటు చేసుకోనిదే ఇది పోదు.

అంకెల్లో 47ని ‘జీబెన్ ఉంట్ ఫియర్‌త్సిష్’ అంటారు, ఏడు ముందు, నలభై తర్వాత. ‘జీబెన్’ వినగానే చెయ్యి 7 రాసేస్తుంది, తర్వాత 4 ఎక్కడ పెట్టాలో తెలియక 74 అవుతుంది. దీనికి ఒకటే మందు: అంకె మొత్తం పూర్తయ్యేదాకా పెన్ను కాగితానికి తగలకూడదు. రోజూ రెండు నిమిషాలు వాతావరణ వార్తల్లోని డిగ్రీలు రాయడం సరిపోయింది.

ఇక ఒక మేలు. ‘వైల్ ఇష్ మోర్గెన్ ఆర్బైటెన్ ముస్’ అన్న ముక్కను మాట మాటకీ చూస్తే: ఎందుకంటే, నేను, రేపు, పని చేయ, వలసి ఉంది. వరస దాదాపు తెలుగుదే, క్రియ చివర. ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటూ వింటే మాటలు అటూ ఇటూ జరపాలి, ఆ జరపడంలోనే తర్వాతి వాక్యం పోతుంది. ఆమె నోట్సు అంతా ఇంగ్లిష్‌లో ఉండేది. ‘వా’ తప్పులకు పెద్ద కారణం అదే. సారాంశం ఇకనుంచి తెలుగులోనే రాయమన్నాం. వాక్యం చివరిదాకా ఆగి అర్థం చేసుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ‘మాఖెన్ జీ దస్ ఫెన్‌స్టర్...’ దాకా విన్నా కిటికీ తెరవాలో మూయాలో తెలియదు, చివర ‘ఔఫ్’ వస్తే తెరవాలి, ‘త్సూ’ వస్తే మూయాలి. ‘చెప్తా... ను’, ‘చెప్ప... ను’ల తేడా కోసం చివరిదాకా ఆగే చెవికి ఇది కొత్తేమీ కాదు.

90 సెకన్ల ముక్కతో పని

పన్నెండు వారాలు. రోజుకు 20 నిమిషాలు బల్ల దగ్గర, 15 నిమిషాలు బస్సులో, వారానికి ఆరు రోజులు. ముక్క నిడివి 90 సెకన్లు, మాటల పాఠం (ఆడియోలో మాట్లాడింది మాట మాటకీ రాసి ఉన్నది) తప్పక ఉండాలి. పాఠం లేని ఆడియో ఎంత బాగున్నా పక్కన పెట్టాలి, ఎందుకంటే తప్పు విన్నది తప్పని చెప్పేవాళ్లు ఉండరు.

మొదట ఫోన్ బోర్లించి ఒకసారి, ఆపకుండా. ఎవరు, ఎక్కడ, ఏం కావాలి అని తెలుగులో రెండు లైన్లు. రెండోసారి వింటూ, దారి తప్పిన చోటల్లా కాగితం మీద ఒక గీత. గీతలు ఎక్కువగా ఉన్న 30 సెకన్లను ఎంచుకుని డిక్టేషన్: ఒక్కో వాక్యానికి మూడుసార్లకు మించి వినకూడదు. మూడుసార్లలో దొరకనిది ముప్పైసార్లు విన్నా దొరకదు, అక్కడ ఖాళీ వదలాలి. తర్వాత పాఠంతో పోల్చి ఎర్ర పెన్నుతో గుర్తులు. చివరగా ఆడియోతో పాటు, సగం మాట వెనకగా, మూడుసార్లు పైకి పలకడం. హాస్టల్లో సిగ్గుపడి పెదవులతోనే కానిచ్చిన వారాల్లో ‘చె’ తప్పులు తగ్గలేదు. మిద్దె మీదకు వెళ్లి పలకడం మొదలయ్యాకే తగ్గాయి.

బస్సులో కొత్తది వినకూడదు. ముందు రోజు బల్ల దగ్గర చేసిన ముక్కే, ఒక చెవిలో. రొదలో మొదట పోయేది చిన్న హల్లులు. ‘ఐన్’ అంటే ఒకటి, ‘కైన్’ అంటే ఒకటీ లేదు. ఆ ఒక్క ‘క్’ హారన్‌లో కలిసిపోతే అర్థం తలకిందులు. తెలిసిన ముక్క అయితే చెవి ఆ ఖాళీ నింపుకోవడం నేర్చుకుంటుంది.

మొదటి మూడు వారాలు డాయిష్ వెల్లె ఉచిత కోర్సు ‘నీకోస్ వేక్’ ఏ2 చివరి పాఠాలు, బీ1 మొదటివి. చిన్న వీడియో, దాని మాటల పాఠం, అభ్యాసాలు ఒకేచోట ఉంటాయి. బొమ్మ చూడటం చివరికి వాయిదా వేశాం: మొదట శబ్దం, పని పూర్తయ్యాక వీడియో. నాలుగో వారం నుంచి పాఠంతో సహా దొరికే పాడ్‌కాస్టులు: స్లో జర్మన్, డాయిష్ వెల్లె బీ1 వాళ్ల కోసం పెట్టే టాప్ టేమా. తొమ్మిదో వారం నుంచి వీధి మాటలు, అవి కూడా సబ్‌టైటిల్ ఉన్న కింది భాగాన్ని అట్టముక్కతో కప్పి.

ఫోన్‌లో పెట్టుకోవలసినవి

యూట్యూబ్‌లో క్యాప్షన్ల పేరు పక్కన ‘ఆటో-జనరేటెడ్’ అని ఉంటే ఆ వీడియో డిక్టేషన్‌కి పనికిరాదు. యంత్రం పేర్లు, అంకెలు తప్పు వింటుంది, కలిపి పలికిన చోట ఊహిస్తుంది. సరిగ్గా విన్న విద్యార్థి యంత్రం రాసింది చూసి తన జవాబు కొట్టేసుకోవడం ఈ కేసులోనే రెండుసార్లు జరిగింది. మామూలు యూట్యూబ్ యాప్‌లో స్క్రీన్ లాక్ చేస్తే శబ్దం ఆగిపోతుంది, అందుకే లాక్ చేయకుండా బోర్లించడం. ల్యాప్‌టాప్ మీద జే నొక్కితే పది సెకన్లు వెనక్కి, కే నొక్కితే ఆగుతుంది. ఒకే వాక్యం తిప్పి తిప్పి వినడానికి వీఎల్‌సీ ప్లేయర్‌లోని ఏ-బీ రిపీట్ మేలు.

పాడ్‌కాస్టులకు ఉచిత యాప్ ఆంటెన్నాపాడ్ వాడాం. వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ అయ్యేలా, విన్నవి వాటంతటవే పోయేలా పెట్టుకోవచ్చు. 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఆడియో గంటకు సుమారు 29 ఎంబీ, 128 అయితే 58. మాటలకు 64 చాలు. నిశ్శబ్దాన్ని దాటవేసే సెట్టింగ్ మాత్రం ఆపేయాలి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉన్న ఆ అర సెకనులోనే వినేవాళ్ల బుర్ర పనిచేస్తుంది. యాప్ దాన్ని కత్తిరిస్తే మాట్లాడేవాడు ఊపిరి తీసుకోని మనిషిలా వినిపిస్తాడు.

ఆడియోబుక్ ఎందుకు బెడిసింది

నాలుగో వారంలో ఉచిత ఆడియోబుక్కుల సైటు లిబ్రివాక్స్ నుంచి గ్రిమ్ సోదరుల కథలు దింపుకున్నారు. ఉచితం, కథలు తెలిసినవే, పాఠం కూడా దొరుకుతుంది. వారం తిరగకుండానే ఆపించాల్సి వచ్చింది. లిబ్రివాక్స్‌లో స్వచ్ఛంద సేవకులు చదివేవన్నీ కాపీరైటు తీరిన పుస్తకాలు, అంటే పాత భాష. ఆ కథలు నడిచేది ప్రెటెరిటమ్‌లో, జరిగిపోయినదాన్ని రాతలో చెప్పే రూపంలో. పరీక్ష సంభాషణల్లో, ఆసుపత్రిలో ఎక్కువగా వినబడేది పెర్ఫెక్ట్, జరిగిపోయినదాన్ని మాటల్లో చెప్పే రూపం. ‘గింగ్’ (వెళ్లాను) అని విని విని, అదే అర్థమున్న ‘బిన్ గెగాంగెన్’ దగ్గర తడబడ్డారు. మన పిల్లలకి గ్రాంథిక భాషలో కథలు వినిపించి సిటీ బస్సు కండక్టరుతో మాట్లాడమన్నట్టు. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు చదవడంతో గొంతు, మైకు నాణ్యత మారిపోవడం ఇంకో తలనొప్పి.

ఏడో వారంలో విదేశీ విద్యార్థుల కోసం ఏ2 స్థాయిలో కుదించి రాసిన చిన్న పుస్తకాలు, ఆడియోతో వచ్చేవి, మొదలుపెట్టాం. ఒక అధ్యాయం నాలుగైదు నిమిషాలు. ఇక్కడ డిక్టేషన్ లేదు, గుర్తులు లేవు. తన స్థాయి కన్నా ఒక మెట్టు కింద ఉన్నది వెనక్కి వెళ్లకుండా వినడమే పని. ఒక్కసారే వినిపించే భాగాలకు కావలసిన దమ్ము వచ్చింది దీనివల్లే.

జారిన వారాలు

అయిదో వారం వరస నైట్ డ్యూటీలు. ఉదయం ఇంటికొచ్చి డిక్టేషన్‌కి కూర్చుంటే మూడో వాక్యానికే నిద్ర. నాలుగు రోజులు పూర్తిగా పోయాయి, ఆ తప్పుచేసిన భావనతో మరో రెండు రోజులు. అప్పటినుంచి నైట్ రోజుల్లో బస్సు 15 నిమిషాలు మాత్రమే అని తీర్మానించాం. ఇలాంటి పోగొట్టులన్నీ పోను పన్నెండు వారాల్లో అయింది 38 గంటలు. పాత డైరీలో 110 అన్నది గుర్తుండే ఉంటుంది.

తొమ్మిదో వారం నుంచి వెనక్కి తట్టడం నిషేధం. మొదటిసారి వినేటప్పుడు ఫోన్ బ్యాగులో, చేతిలో పెన్ను. గోథే వెబ్‌సైటులో ఉచితంగా దొరికే మాదిరి ప్రశ్నపత్రాలు ఈ వారాల కోసమే దాచి ఉంచాం. ముందే చేసేస్తే జవాబులు గుర్తుండిపోయి స్కోరు అబద్ధం చెబుతుంది. రెండు, మూడు భాగాల ముందు ప్రశ్నలు చదువుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు. ఆ నిమిషంలో ఒక్కో ప్రశ్నలో క్రియ కింద, అంకె కింద గీత గీయడం తప్ప ఇంకేమీ చేయొద్దని చెప్పాం. ప్రశ్నల వరస ఆడియో వరసలోనే నడుస్తుంది. మూడోది జారిపోయిందనిపిస్తే వేలు వెంటనే నాలుగో ప్రశ్న మీదకు వెళ్లాలి. చూపుడువేలు నిజంగానే కాగితం మీద పెట్టించాం. వేలు కదిలితే మనసు కదులుతుంది.

పదకొండో వారం మాక్‌లో అనుకోని గుంట ఒకటి కనబడింది. ఒక ముక్కలో మాట్లాడిన మనిషి గొంతు ఎంత స్పష్టంగా ఉన్నా ఆమెకు అర్థం కాలేదు. ఆస్ట్రియా యాస. బీ1 పరీక్షను గోథే ఇన్‌స్టిట్యూట్, ఆస్ట్రియాలో జర్మన్ పరీక్షలు పెట్టే సంస్థ ఓయెస్‌డే, స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబూర్గ్ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేశాయి. అందుకే మూడు దేశాల గొంతులూ వినబడతాయి. అప్పటిదాకా అన్ని వారాలూ జర్మనీ గొంతులే వినిపించడం మా ప్రణాళికలోని లోపం, ఆమెది కాదు. జనవరిని జర్మనీలో ‘యానువార్’ అంటే ఆస్ట్రియాలో ‘యెన్నర్’. మిగిలిన పది రోజులూ ఆస్ట్రియా ఓఆర్‌ఎఫ్ వార్తలు రెండు నిమిషాలు, స్విస్ ఎస్‌ఆర్‌ఎఫ్ ప్రామాణిక జర్మన్ వార్తలు రెండు నిమిషాలు వినిపించాం. అర్థం కోసం కాదు, గొంతు కొత్తదనం పోవడానికి. ఎస్‌ఆర్‌ఎఫ్‌లో చాలా కార్యక్రమాలు స్విస్ మాండలికంలో ఉంటాయి, వాటి జోలికి వెళ్లకూడదు. జర్మన్లకే సబ్‌టైటిల్ కావాలి.

స్కోరు

పన్నెండో వారం చివరి మాక్: మొదటి భాగం 10కి 8, రెండు 5కి 3, మూడు 7కి 4, నాలుగు 8కి 6. మొత్తం 21. అసలు పరీక్షలో 22, నూటికి 73. ఒక్కసారి విన్న భాగాలు 12కి 3 నుంచి 7కి వచ్చాయి.

మూడో భాగం ఇప్పటికీ బలహీనమే. ఇద్దరు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడితే ఆమె రెండో మనిషిని వదిలేస్తారు. పాఠం ఉన్న పాడ్‌కాస్టుల్లో ఎక్కువ భాగం ఒక్కరే చదివేవి కావడం దీనికి కారణం. జర్మనీలో చాలా రాష్ట్రాలు నర్సుగా గుర్తింపుకు బీ2 అడుగుతాయి. వార్డులో షిఫ్టు అప్పగింతలో ముగ్గురు నలుగురు ఒకేసారి మాట్లాడతారు, పక్కన ఫోన్ మోగుతుంటుంది. అందుకని తర్వాతి విడతలో ముక్క నిడివి 90 సెకన్ల నుంచి 60కి తగ్గించి, ఇద్దరు మాట్లాడే పాడ్‌కాస్టులే తీసుకున్నాం. మొదటిసారి వింటూ సారాంశం రాయరు. కాగితాన్ని నిలువుగా మడిచి, ఎవరు మాట్లాడితే ఆ వైపు ఒక గీత. గీతల లెక్క పాఠంతో సరిపోయాకే మాటల జోలికి.